తలకిందుల కెమెరా

బస్సు డిపోలో అతన్ని సొంత పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. జీతాల రోజున గుమాస్తా ఆ పేరు చదివితే పక్కనున్నవాడు మోచేత్తో పొడిచి "నిన్నేరా" అనాలి. సీట్లు కుట్టే షెడ్డులోనూ, ఇంట్లోనూ, వీధిలోనూ అతను తలకిందులే. ఫలానా బస్సులో వెనక సీటు చిరిగిందని డ్రైవరు వచ్చి చెబితే, సీటు చిరిగితే నా పని, కూర్చున్నవాడి పంట్లాం చిరిగితే నీ పని అని గొణుక్కుంటూ సూదీ దారం అందుకునేవాడు.

ఆ పేరు పెట్టింది అన్న. చిన్నప్పుడు అన్న ఒక ఫొటో స్టూడియోలో పనికి కుదిరి, తుడిచి ఇస్తానని యజమాని కెమెరా ఇంటికి తెచ్చాడు. అతను చేతులు కడుక్కుని వచ్చేలోగా తమ్ముడు దాన్ని అందుకుని కంటికి ఆనించుకున్నాడు, పైది కిందికీ కిందిది పైకీ పెట్టి. వీపు మీద పడిన దెబ్బ మర్నాటికి చల్లారింది. "తలకిందుల వెధవా" అన్న తిట్టులో వెధవ కాలక్రమాన రాలిపోయింది, మిగతాది ఇతనికే ఉండిపోయింది. దానికి ఇతనేమీ బాధపడలేదు. తండ్రి లేని ఇంట్లో అన్న పెట్టినవన్నీ తిన్నాడు, పేరు కూడా అందులో ఒకటి.

అన్న సంగతి చెప్పాలంటే, తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. తర్వాత తనే సొంతంగా స్టూడియో పెట్టాడు. అక్కడ అతనికి రెండే మాటలు. బటన్ నొక్కే ముందు "కదలొద్దు". నొక్కాక "అయింది". ఈ రెండిటికీ మధ్య ఎదుట కూర్చున్నది ఆఫీసరైనా సరే, చంటిపిల్ల తల్లైనా సరే, ఊపిరి బిగబట్టాల్సిందే. అయింది అనకముందే ఎవరైనా చెమట తుడుచుకుంటే అన్న కెమెరా దించేసి, "మీరు తీస్తారా, నన్ను తియ్యమంటారా" అనేవాడు.

వదిన ఆ స్టూడియోకి మొదటిసారి ఉద్యోగం దరఖాస్తుకి ఫొటో కోసం వెళ్ళింది. అన్న కదలొద్దు అన్నాడు, నొక్కాడు, తర్వాత అనాల్సిన మాట మరిచిపోయి అలా చూస్తూ నిలబడిపోయాడు. ఆమె మెడ పట్టేసేదాకా బల్ల మీద బొమ్మలా కూర్చుంది. ఆ ఫొటోకి ఈయన ఇప్పటికీ అయింది అనలేదండీ, అందుకే ఈ ఇంట్లోంచి కదల్లేకపోయాను అని వదిన ఇంటికొచ్చినవాళ్ళందరికీ చెప్పేది. చెప్పినప్పుడల్లా అన్న పేపరు మొహానికి అడ్డం పెట్టుకునేవాడు. పేపరు మాత్రం వణికేది, లోపల నవ్వు ఆగక.

అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక స్టూడియోకి మనుషులు రావడం మానేశారు. అన్న కెమెరా ఎవరికో ఇచ్చేసి ఇంట్లో కూర్చున్నాడు. కూర్చున్నా నోరు ఊరుకోలేదు. కిటికీలోంచి వీధిలో పోయేవాళ్ళకి సలహాలు చెప్పేవాడు, కూరగాయలవాడి తక్కెడ నుంచి తమ్ముడి క్రాపు దాకా అన్నిటికీ వంకలు పెట్టేవాడు. నోరే ఆస్తిగా బతికిన ఆ మనిషికి ఒక ఉదయం పక్షవాతం వచ్చి నోరే పోయింది. దాంతోపాటు కుడి చెయ్యి, కుడి కాలు.

ఆస్పత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు డాక్టరు మంచిమాటే చెప్పాడు. కాలు కొంత వస్తుంది, మాట కూడా రావచ్చు, ఎడం చేత్తో పనులు అలవాటు చేసుకోవాలి, కానీ మనిషికి దేని మీదో ఒక దాని మీద ఆశ పుట్టాలి, ఆలస్యమయ్యేకొద్దీ కష్టం అన్నాడు. వేళ్ళకి వ్యాయామమని రబ్బరు బంతి ఇచ్చాడు. అన్న దాన్ని విసిరికొట్టినా బాగుండేది. వేళ్ళ మధ్య నుంచి జారిపోనిచ్చాడు, దొర్లుకుంటూ మంచం కిందికి పోతుంటే చూస్తూ ఊరుకున్నాడు. తర్వాత ముద్ద పెడితే నోరు తెరవడం కూడా తగ్గించాడు.

వదిన ఒకచోట నిలబడటం మానేసింది. వంటింట్లోంచి మంచానికీ, మంచం దగ్గర్నుంచి పెరటికీ, మందులకీ, ఉతుకులకీ కాలు కాలిన పిల్లిలా తిరిగేది. కూర్చోమంటే, కూర్చుంటే ఏడుపొస్తుందయ్యా అనేది. తలకిందులు సాయంత్రం డిపో నుంచి తన ఇంటికి పోకుండా నేరుగా అక్కడికే వెళ్ళి అన్న పక్కన కూర్చుని ఆ రోజు కబుర్లన్నీ చెప్పేవాడు. అన్న కళ్ళు గోడ మీదే ఉండేవి. ఎన్నేళ్ళుగా తిట్లు తిన్నాడో గానీ, తిట్టని అన్న పక్కన కూర్చోవడం అతనికి చేతకాలేదు. అన్న బతకడం మానుకుంటున్నాడని అతనికి తెలుస్తూనే ఉంది. ఆపడం ఎలాగో తెలియడం లేదు.

అలాంటి రోజుల్లో ఒక సెలవు పూట రెక్సిన్ ముక్కల కోసం పాత సామాన్ల బజారుకి వెళ్ళాడు. తుప్పు పట్టిన కుళాయిలకీ మూగబోయిన రేడియోలకీ మధ్య ఆ కెమెరా కనిపించింది. అది అన్న కెమెరా కాదు గానీ, సరిగ్గా అదే రకం. చూడగానే వీపు మీద పాత దెబ్బ చురుక్కుమంది. బేరమాడటం కూడా మరిచిపోయి కొనేశాడు.

ఇంటికి తెచ్చి చూస్తే దాని ఆరోగ్యం అన్న ఆరోగ్యంలాగే ఉంది. రీలు తిప్పే పిడి బిగుసుకుపోయింది. లెన్సుకి బూజు. లోపలి అద్దం తగిలే స్పాంజి కరిగి జిగురైంది. కుక్కరు పిడి ఊడి ఎన్నాళ్ళయిందో, దానికి పట్టని యోగం దీనికి పట్టింది అని భార్య అంది. అన్న కోసమని చెప్పాక మరో మాట అనకుండా భోజనాల బల్ల ఖాళీ చేసి ఇచ్చింది.

వదినకి చెబితే ఆమె మాత్రం సంతోషించలేదు. తడిబట్టలు పిండుతూ, తల ఎత్తకుండానే మాట్లాడింది.

"వద్దయ్యా. చూసి మురిస్తే సరే. చూసి ఏడిస్తే, ఆ ఏడుపు తుడవాల్సింది నేను."

తలకిందులు విన్నాడు గానీ చెవిన పెట్టలేదు. మూడుకాళ్ళ కుందేళ్ళు ఆ వంశంలో అన్న ఒక్కడివే కాదు.

పిడి నూనె చుక్కలతో కదిలింది. స్పాంజి సంగతి అతనికి కొట్టిన పిండి. పాతది గీకేసి, షెడ్డులో మిగిలిన సన్న ముక్క కోసి అతికించాడు. బూజు మెత్తటి గుడ్డతో తుడిచాడు. అసలు చిక్కు కడుపులో ఉంది. కెమెరా లోపల షట్టరు పేరుతో రెండు నల్లగుడ్డ తెరలుంటాయి. ముందుది పరిగెత్తి వెలుతురుకి దారి తీస్తుంది, రెండోది వెనకే పరిగెత్తి ఆ దారి మూసేస్తుంది. ఆ తెరలకి సూదిమొన అంత చిల్లులు పడ్డాయి. సైకిలు పంక్చర్లకి వాడే సొల్యూషను పల్చగా చేసి, మసి కలిపి, పిల్లల కంటికి కాటుక పెట్టినంత జాగ్రత్తగా పూశాడు. గుడ్డ కనక భయం లేదు. ఇన్నేళ్ళు గుడ్డతోనే బతికాడు.

ఆ ధైర్యమే కొంప ముంచింది. సీటు కుట్టేవాడికి వదులు గుడ్డంటే ఒంటికి పడదు. తెరలు కాస్త వదులుగా తోచేసరికి వాటిని లాగే స్ప్రింగులు బిగించాడు, వెనక తెరని ఇంకో రెండు చుట్లు ఎక్కువే. రీలు వేసి భార్యనీ, వీధినీ, డిపోలో బస్సుల్నీ ఫొటోలు తీశాడు. కడిగించి తెస్తే ప్రతి ఫొటోలోనూ ఒక పక్కే బాగా వచ్చింది. రెండో పక్కకి పోయేకొద్దీ మసక, ఆఖర్న చీకటి. పెళ్ళయినప్పటి నుంచీ నన్ను సగమే చూశావు, ఆ సంగతి కెమెరా కూడా కనిపెట్టింది అని భార్య నవ్వింది. అతనికి నవ్వు రాలేదు. సగం వెలిగి సగం ఆరిపోయిన ఆ మొహాల్లో అన్న మొహమే కనిపించి భయమేసింది. ఫొటోలు బోర్లించి పెట్టాడు.

ఒకప్పుడు కెమెరాలు బాగుచేసిన మెకానిక్కు ఇప్పుడు బస్టాండు పక్కన ఫోన్లకి కవర్లు అమ్ముకుంటున్నాడు. కెమెరా అనే మాట వింటేనే చేతులెత్తి దణ్ణం పెట్టాడు. ఫొటోలు మాత్రం వద్దంటూనే అందుకుని చూశాడు. చూసి, నువ్వేం పని చేస్తావని అడిగాడు. సీట్లు కుడతానని చెబితే తల పంకించాడు.

"అదీ సంగతి. సీటు మీద మనుషులు కూర్చుంటారు, బిగించాలి. ఇందులోంచి వెలుతురు పోవాలి, దానికి సందివ్వాలి. నీ వెనక తెర ముందుదాన్ని తరుముకుంటూ పోయి తొక్కేస్తోంది. వదులు చెయ్యి."

తెలిసి తెలిసి గుడ్డని వదులు చెయ్యడం అతనికి పన్ను పీకించుకున్నంత పనైంది. కొద్దికొద్దిగా వదులుతూ, నొక్కుతూ, వింటూ కూర్చున్నాడు. అన్న చెవితోనే షట్టరు మంచిచెడ్డలు చెప్పేవాడని గుర్తు. తొందరగా పోయేదైతే "టక్", నెమ్మదిగా పోయేదైతే "టి-క్కు". రెండో రీలుకి ఫొటో ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే వెలుతురులో వచ్చింది. భార్య ఈసారి పూర్తి మనిషిగా వచ్చి, నేనింత లావయ్యానా అని ఫొటో దాచేసింది.

మర్నాడే రీలు ఒకటి సంచిలో వేసుకుని, కెమెరాని కొత్త గుడ్డలో చుట్టి అన్న దగ్గరికి తీసుకెళ్ళాడు.

గుడ్డ విప్పగానే అన్న కళ్ళు గోడ మీంచి కిందికి దిగాయి. తలకిందులికి అంతే చాలు. అన్న చెవి దగ్గర పెట్టి షట్టరు వదిలాడు. అన్న కళ్ళు మూసుకుని విన్నాడు. ఇంకో వేగం పెట్టి వదిలాడు. అన్న తల అంగుళం మేర ఊపాడు, బాగుందని. గుమ్మంలో నిలబడి చూస్తున్న వదిన చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు తలకిందులు కెమెరాని అన్న ఒడిలో పెట్టాడు.

అన్న ఎడం చేత్తో దాన్ని తడిమాడు. లెన్సు మీద వేళ్ళు తిప్పాడు. తర్వాత ఆ వేళ్ళు బటన్ వెతుక్కుంటూ కెమెరా మీంచి అవతలికి పాకి, అక్కడికి పోయి ఆగాయి. బటన్ కుడి పక్క ఉంది. రీలు తిప్పే పిడీ కుడి పక్కే. అన్న తన కుడి చేతిని చూసుకున్నాడు. అది దుప్పటి మీద ఎవరో పెట్టి మరిచిపోయిన వస్తువులా పడి ఉంది. కెమెరాని ఎడం చేత్తోనే, దెబ్బ తగలకుండా, మంచం మీద పక్కకి జరిపాడు. మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఆ పూట ముద్ద ముట్టలేదు.

వదిన వాకిలి దాకా వచ్చింది. గొంతు పెంచలేదు.

"కెమెరా అంతా విప్పి చూశావు. ఆయన చెయ్యి ఒక్కసారి చూశావా?"

కెమెరాలన్నీ కుడిచేతి వాళ్ళ కోసమే చేస్తారన్నది చిన్నప్పటి నుంచీ అతని కళ్ళెదుట ఉన్న సంగతి. స్ప్రింగు చూశాడు, గుడ్డ చూశాడు, బూజు చూశాడు, ఎవరికోసం చేస్తున్నాడో ఆ మనిషిని చూడలేదు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే, ఆ రోకలి తన చేతిలోనే ఉంది. ఇంటికి వెళ్ళే దారంతా కెమెరాని కాలవలో పారేద్దామనుకుంటూనే నడిచాడు. పారేయలేక డిపోకి తీసుకుపోయి దారపు కండెల డబ్బాలో పడేశాడు.

రెండు రోజులు కుట్టిన కుట్టే మళ్ళీ కుట్టాడు. మూడో రోజు భోజనాల వేళ షెడ్డు ఖాళీ అయ్యాక, సీటు పట్టీ ఒకటి తీసుకుని కుడి చేతిని నడుముకి కట్టేసుకున్నాడు. చూసినవాళ్ళు ఏమనుకుంటారన్న ధ్యాస లేదు. ఎడం చెయ్యి ఒక్కదానితో భోజనం డబ్బా మూత తియ్యబోతే దొర్లిపోయింది. చొక్కా గుండీ పెట్టుకోబోతే రాలేదు. అన్న ఏ లోకంలో ఉంటున్నాడో అప్పటికి గానీ తెలియలేదు. రెక్సిన్ చుట్టల మధ్య కూర్చుని కాసేపు ఏడ్చాడు. తర్వాత డబ్బాలోంచి కెమెరా తీశాడు.

ఎడం చేత్తో ఎలా పట్టుకున్నా బటన్ అందలేదు. చెయ్యి పైనుంచి వేస్తే కన్ను మూసుకుపోతోంది, కిందినుంచి వేస్తే కెమెరా జారుతోంది. విసుగుపుట్టి మణికట్టు తిప్పాడు. కెమెరా మొత్తం తిరగబడింది. కుడి పక్క పైనున్న బటన్ ఎడం పక్కకి, కిందికి వచ్చి, సరిగ్గా బొటనవేలి మీద కూర్చుంది. అడుగుభాగం నుదుటికి ఆనుకుని కదలకుండా నిలిచింది. కంటికి ఆనించుకుని చూశాడు. లోపల బస్సులు నిటారుగానే ఉన్నాయి, ఆకాశం పైనే ఉంది. తిరగబడింది పెట్టె ఒక్కటే.

"తలకిందుల వెధవా" అని అన్న గొంతు వీపు వెనక వినిపించినట్టయింది. అతను కట్టు విప్పుకుని, మిషను ముందు కూర్చుని, మెత్తటి రెక్సిన్‌తో ఒక పట్టీ కుట్టాడు, ఎడం అరచెయ్యి దూరి కెమెరాతో కలిసి ఉండేలా. ఈసారి బిగువు చూసుకోలేదు. అన్న చెయ్యి ఎంత చిక్కిపోయిందో గుర్తు తెచ్చుకుని, ఆ మేరకే వదిలి కుట్టాడు.

సాయంత్రం వెళ్ళాడు. వదిన ఆ గుడ్డమూట చూసి మొహం తిప్పుకుని లోపలికి పోయింది. అన్న గోడ చూస్తున్నాడు. తలకిందులు మంచం ఎదుట కుర్చీ లాక్కుని, ఏమీ చెప్పకుండా, కుడి చెయ్యి వీపు వెనక దాచుకుని, కెమెరాని తలకిందులుగా పట్టుకుని కంటికి ఆనించుకున్నాడు. అలాగే ఉన్నాడు. చాలాసేపటికి అన్న తల తిరిగింది. ముందు కనుబొమ్మలు ముడిపడ్డాయి. ఆ చూపు అతనికి తెలుసు. చిన్నప్పుడు దాని తర్వాత దెబ్బ పడేది. ఈసారి అన్న ఎడం చెయ్యి చాచాడు, ఇలా తే అని.

పట్టీలో చెయ్యి దూర్చాడు. కెమెరా నుదుటికి ఆనింది. బొటనవేలు వెతుక్కుని బటన్ మీదికి చేరింది. తలకిందులు పక్కకి వచ్చి రీలు తిప్పే పిడి తను తిప్పి ఇచ్చాడు. అప్పుడే వదిన మందుల పళ్ళెం పట్టుకుని గదిలోకి అడుగు పెట్టింది.

"కద... లొద్దు."

ముద్దగా, బరువుగా, ఎక్కడో నూతిలోంచి తోడినట్టు వచ్చింది ఆ మాట. వదిన ఆగిపోయింది. ఒక కాలు గడపకి అవతలే ఉంది. టక్ మని షట్టరు పడింది.

అన్న కెమెరా ఒడిలోకి దించాడు. మళ్ళీ తిప్పమని తమ్ముడికి కళ్ళతో చెప్పి, పిడి తిరుగుతుంటే ఇంకో పక్కనున్న చిన్న గుండీ మీద వేలు పెట్టాడు. లోపల రీలు ఉంటే ఆ గుండీ దానంతట అదే తిరగాలి. తిరగలేదు. అన్న తలెత్తి తమ్ముణ్ణి చూశాడు. తలకిందులికి అప్పుడు వెలిగింది. ఎలా పట్టుకోవాలో చూపిద్దామన్న తొందరలో ఉట్టి కెమెరా పట్టుకొచ్చాడు. రీలు వెయ్యలేదని ఒప్పుకున్నాడు.

వదిన పెదాలు కదలకుండా అడిగింది, కదలొచ్చా అని. ఒక్క నిమిషం వదినా అని బతిమాలి, అతను సంచి బోర్లించాడు. సూదులూ, సుద్దముక్కా, చివరికి రీలూ దొరికాయి. సూదిలో దారం కళ్ళు మూసుకుని ఎక్కించేవాడికి రీలు చివర సందులోకి దూర్చడం చేతకాలేదు. ఎలాగో వేసి, మూసి, తిప్పాడు. అన్న వేలి కింద గుండీ తిరిగింది. అన్న తల ఊపి, కెమెరా ఎత్తి, నుదుటికి ఆనించుకున్నాడు. వదిన అలాగే ఉంది, పళ్ళెం కూడా ఒరగకుండా. షట్టరు పడింది.

తర్వాత అనాల్సిన మాట ఒకటుంది. అది ముగ్గురికీ తెలుసు. అన్న పెదాలు దాని కోసం కదిలాయి. "అ" అన్నాడు. మళ్ళీ "అ" అన్నాడు. మెడ నరాలు ఉబ్బాయి, మూతి ఒక పక్కకి లాగింది, మాట రాలేదు. కళ్ళ వెంట నీళ్ళు మాత్రం జారాయి. అన్నకి బదులు తను అనేద్దామని తలకిందులికి నాలుక చివరిదాకా వచ్చింది. అది తన మాట కాదు. పళ్ళు బిగించుకున్నాడు.

"తొందరేం లేదు" అంది వదిన. "మొదటిసారి కూడా మీరు ఆ మాట అనలేదుగా. అనేదాకా ఇక్కడే ఉంటాను."

ఆ మాటన్నాక ఆమె లోపలికీ రాలేదు, వెనక్కీ పోలేదు. అన్నకి జబ్బు చేసినప్పటి నుంచీ ఒకచోట నిలబడి ఎరగని మనిషి, ఒక కాలు గడపకి అవతలా ఒక కాలు ఇవతలా పెట్టుకుని, మందుల పళ్ళెంతో అలాగే నిలబడింది.